రెండో గీత

కడ్డీల మూలుగు వినబడితే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది నాకు. మొన్న శుక్రవారం ఉదయం, ఇక్కడ గల్ఫులో, రుమైథియాలోని మా యజమాని బాబా ఇంటి గేటు దాటి కారవాన్ మలుపు తిరుగుతుంటే, దానికీ దాన్ని లాగే పెద్ద వ్యాగన్ కారుకూ మధ్యనున్న రెండు ఇనుప కడ్డీలు బిగుసుకుని, సన్నగా సాగదీసి మూలిగాయి. చలికాలం రాగానే ఇక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాలకు వారాలు గడుపుతాయి. వంటసామాను, తివాచీలు, నీళ్ళ ట్యాంకు, జనరేటరు, అన్నీ చక్రాల మీది గది లాంటి ఈ కారవాన్‌లోనే పోతాయి. స్టీరింగు దగ్గరున్న బాబా కొడుకు తల బయటపెట్టి, తన వచ్చీరాని హిందీలో, "రెడ్డీ, ఆ చప్పుడేమిటి, గ్రీజు పెట్టెయ్, ఖలాస్" అన్నాడు. నేను తలూపాను. ముప్ఫై అయిదేళ్ళకు పైగా ఎవరు చెప్పినా ఇలాగే తలూపుతున్నాను, ఒక్కసారీ పెట్టలేదు. "మూలుగుతాందంటే మోస్తాందని అర్థం. సప్పుడు లేకపోతేనే దిగి చూడాల" అని నాకు చెప్పిన మనిషి పేరు ఓబులేసు. నేను ఓబులేసన్నా అనేవాణ్ణి. ఆయన్ని మీరు చూసి ఉండరు. చూసినవాళ్ళలో కూడా ఎంతమందికి గుర్తున్నాడో నాకు అనుమానమే, అందుకే ఇది రాస్తున్నాను.

నాది రాజంపేట దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్ళ వయసులో ఇంటి డ్రైవరుగా ఇక్కడికి వచ్చాను. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలవాలని విమానం దిగిన రోజే నేర్పారు. లైసెన్సుంది, చేతికి స్టీరింగు అలవాటైంది, ఇంక నాకు రానిదేముంది అనుకునే వయసది. ఆ ఏడు చలికాలంలో బాబా ఒక పెద్ద కారవాన్ కొని, తన అమెరికన్ వ్యాగన్ వెనక మామూలు కొండీకి తగిలించి తోలమన్నాడు. తగిలించగానే వ్యాగన్ వెనక భాగం కుంగింది, ముందు భాగం లేచింది. అహ్మది రోడ్డెక్కాక చూస్తే స్టీరింగు గాలిలో తిప్పుతున్నట్టు తేలిగ్గా ఉంది. తిప్పిన కాసేపటికిగాని బండి వినడం లేదు. పక్కనుంచి ఒక లారీ దూసుకుపోయింది, ఆ గాలికి వెనకున్న కారవాన్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. నేను బెదిరి బ్రేకు తొక్కాను. ఊపు ఇంకా ఎక్కువైంది. ఏ పుణ్యమో, ఇసుకలోకి దిగి ఆగాం. వెనక సీట్లో మామా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. బాబా నా వైపు తిరిగి ఒక్క మాటే అన్నాడు, "హిమార్." గాడిద అని. ఆ రోజుకి అది న్యాయమైన మాటే.

అహ్మదిలో ఒక కాంట్రాక్టరు ట్రైలర్లు బాగుచేసే యార్డులో ఇలాంటి సంగతులు తెలిసిన హిందీవాడొకడు, అంటే ఇండియా మనిషి, ఉన్నాడని ఎవరో చెబితే బాబా నన్ను అక్కడికి తోలాడు. రేకుల షెడ్డులో ఒక మనిషి గొంతుక్కూర్చుని గొలుసు లింకులకు నూనెగుడ్డ రుద్దుతున్నాడు. నలభై అయిదు దాటి ఉంటాయి. బక్క మనిషి, చెవుల మీద జుట్టు నెరిసింది. నేను హిందీలో మొదలుపెట్టాను. ఆయన తలెత్తకుండానే, "కడప యాసను హిందీలో యాడ దాస్తావులే. ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. తనది సిద్ధవటం పక్కన అన్నాడు. మనవాడు దొరికాడని నేను సంబరపడుతుంటే, ఆయన లేచి కారవాన్ చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి లోపలికి చూసి మూసేశాడు.

"ఖాళీది తెచ్చినావే."

"కొండీ బిగించడానికే కదన్నా. సామానెందుకు?"

"మీ బాబావాళ్ళు ఎడారికి ఖాళీగా పోతారా?"

"పోరు."

"మరి ఖాళీదాన్ని తూకమేసి నేనేం జేసుకోవాల? పో. తివాచీలు, గ్యాసు బండలు, నీళ్ళు, ఆ పొద్దు ఏమేం ఉన్న్యాయో అన్నీ, యాడుండేవి ఆడనే పెట్టుకోని రా. ఇంట్లో మనుషులను తూచే మిషనుంటే అది గూడా తే."

సగం రోజు వృథా అయింది. తెలుగువాడు దొరికాడనుకుంటే హెడ్మాస్టరు దొరికాడని దారంతా గొణుక్కున్నాను. మామా స్నానాలగదిలోని గులాబీరంగు మిషను అడగడానికి నాకు నోరు రాలేదు, అడగకుండానే తెచ్చాను. ఓబులేసన్న ఒక మందపాటి చెక్కను తీసుకుని, దాని ఒక కొసను ఇటుకమీద, రెండో కొసను ఆ మిషను మీద పెట్టాడు. కారవాన్ ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప మూతిని ఆ చెక్క మీదికి దించాడు, సరిగ్గా నడిమికి కాదు, ఇటుకకు దగ్గరగా, మూడో వంతు దూరంలో. మిషను మీద మూడో వంతు బరువే పడుతుందట, వచ్చిన అంకెను మూడుతో హెచ్చవేయాలట. డెబ్బై ఏడు చూపించింది. రెండువందల ముప్ఫై ఒక్క కిలోలు వ్యాగన్ తోక మీద వేలాడుతుంటే దాని ముక్కు లేవక ఏం చేస్తుంది అన్నాడు.

"మీ నాయన ఎద్దుల బండి తోలినాడా?"

"తోలినాడన్నా."

"వెనక బరువెక్కువైతే?"

"కాడి పైకి లేస్తాది. ఎద్దుల గొంతుకు పట్టుకుంటాది."

"ముందర ఎక్కువైతే?"

"మెడలు కుంగుతాయి."

"తెలిసే ఉండాదే నీకు. ఇదీ బండే. మూతి మీద మరీ తక్కువుంటే తోక ఊపుతాది. మరీ ఎక్కువైతే లాగే బండి కుంగుతాది. తగినంత ఉండాల. ఆ తగినంత గూడా వెనక చక్రాలొకటే మొయ్యకుండా, ముందు చక్రాలకు ఇంత, కారవాన్ చక్రాలకు ఇంత పంచాల. పంచేటివి ఈ కడ్డీలు."

గోడకు మూడు రకాల కడ్డీలు ఆనించి ఉన్నాయి. అన్నిటికంటే లావైనవే తెమ్మని బాబా గట్టిగా చెప్పాడు. డబ్బున్నవాడికి లావైనదే మంచిది. ఓబులేసన్న వాటి వంక కూడా చూడలేదు, నడిమివి తీశాడు. లావువి మన తూకానికి వంగవు, వంగకపోతే బరువును పంచవు, పైగా కారవాన్ చట్రాన్ని కుళ్ళబొడుస్తాయి అన్నాడు. సన్నవి వంగి వంగి చేతులెత్తేస్తాయట. బాబా అడిగితే ఏం చెప్పాలన్నాను. "తూచినోని పేరు చెప్పు" అన్నాడు.

తరవాత ఆయన చేసిన పని చూసి నాకు నవ్వొచ్చింది. కారవాన్ విడదీసి, వ్యాగన్‌ను షెడ్డు లోపలి గోడ పక్కకు తెప్పించి, ముందు చక్రం పైనుండే మడ్‌గార్డు అంచు ఎంత ఎత్తులో ఉందో చూసి, టైర్ల మీద గుర్తులు పెట్టే పసుపు మైనపు సుద్దతో గోడ మీద ఒక అడ్డగీత గీశాడు. కారవాన్ తగిలించాక ఆ అంచు రెండు వేళ్ళు పైకి లేచింది. ఇక కడ్డీల కొసలకున్న గొలుసులను ఒక్కో లింకు చొప్పున పైకి బిగిస్తూ పోయాడు. బిగించే కొద్దీ వ్యాగన్ ముక్కు కిందికి దిగి దాదాపు మొదటి గీత దగ్గరికి వచ్చింది. అక్కడ రెండో గీత గీసి, పక్కన తెలుగులో 'రెడ్డెయ్య' అని రాశాడు. గోడంతా అలాంటి జంట గీతలే, ఒక్కో జంట పక్కన ఒక్కో పేరు. అరబ్బు పేర్లు, మలయాళీ పేర్లు, అన్నీ తెలుగు అక్షరాల్లోనే. చదివేవాడు ఆయనొక్కడే. ఎందుకిదంతా అంటే, "ఒక గీతేసి ఇడిసిపెడితే ఆ బండి ఇంకా నా చేతిలోనే ఉన్నెట్టు. రెండోది పడినాకనే పోవచ్చు" అన్నాడు.

ఆ తరవాత ప్రతి శుక్రవారం నేను అహ్మది పోవడం అలవాటైంది. ఆయన యార్డు వెనక పాత కంటైనరు పెట్టెలో ఉండేవాడు. ఊరినుంచి ఎవరైనా రాగిపిండి తెస్తే సంగటి కెలికేవాడు, చెనక్కాయల ఊరిమిండి నూరేవాడు. తింటూ మాట్లాడేవాడు కాదు, తిన్నాక మాట్లాడేవాడు కాదు. నోరు విప్పి నాలుగు మాటలన్నాడంటే ఆ వారానికి సరిపోయినట్టే. ఆయన దగ్గర కూర్చుంటే నా ఒంటరితనం తగ్గేదని చెప్పలేను. ఇద్దరి ఒంటరితనాలూ పక్కపక్కన కూర్చునేవి, అంతే. అదే నాకు ఎంతో అనిపించేది. ఆయన ఊరికి వెళ్ళి తొమ్మిదేళ్ళయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. భార్య చనిపోయిన కబురు ఉత్తరంలో ఇరవై రోజులకు చేరిందట. పిల్లలు లేరు. ఒకసారి పోయి రావచ్చు కదన్నా అని నేను తెలివితక్కువగా అడిగాను. చాలాసేపు పళ్ళెం కడిగాడు. "పోతే ఎవురూ లేని ఇంటికి తాళం తియ్యాల. ఈడ ఎవురూ లేకపోవడం మామూలే నాయనా. ఆడైతే కొత్త" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి యార్డు వెనక ఖాళీ మైదానంలో నాకు తోలడం నేర్పించాడు. కావాలనే సిమెంటు మూటలన్నీ ఒక పాత ట్రైలరు వెనక కొసకు చేర్చి, వేగం పెంచమన్నాడు. అనుకున్నట్టే అది ఊగింది. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతే మోకాలి మీద ఒక్కటిచ్చాడు. "బ్రేకు తొక్కితే వెనకది ముందరదాన్ని తోసేస్తాది. కాలు తియ్యి. స్టీరింగు పట్టుకో, తిప్పొద్దు. కుడి చేత్తో నీ బండికి నేను బిగించిన ఈ చిన్న మీట నొక్కు, ఇది ట్రైలరు చక్రాలకే బ్రేకు." ఏడెనిమిది సార్లు ఊగించి ఊగించి, నా కాలు భయపడటం మానేసేదాకా వదల్లేదు. దిగాక నేను మూటలు కిందకు దించబోతే ఆపాడు. అవే మూటలను ఇరుసు మీదికీ, కాస్త ముందుకూ జరిపించి మళ్ళీ తోలమన్నాడు. ఈసారి ట్రైలరు ఏమీ ఎరగనట్టు వెనకాలే వచ్చింది. "పారెయ్యాల్సిన పనిలేదు. చోటు మార్చాల" అన్నాడు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఆగస్టులో, ప్రతి వేసవిలాగే బాబా కుటుంబమంతా చల్లని దేశానికి పోయి ఉంది. నేనొక్కణ్ణే ఇంట్లో. తెల్లవారేటప్పుడు కిటికీ అద్దాలు అదిరి లేచాను. మధ్యాహ్నానికి వీధిలో మనుషులు లేరు, రెండు మూడు రోజులకు టెలిఫోనులో ప్రాణం లేదు. అంత పెద్ద ఇంట్లో పద్నాలుగు గదులకు నేనొక్కణ్ణి. ఎవరూ లేరని బయటికి తెలియకూడదని పొద్దుగూకేటప్పుడు ఒక్కో గదిలో దీపం వేసి తీసేవాణ్ణి. నా అడుగుల చప్పుడు నాకే కొత్తగా ఉండేది. వీధిలో కార్లు మాయమవుతున్నాయని పక్కింట్లో పనిచేసే గంగమ్మక్క చెప్పింది. ఆమెది రాయచోటి, నలభై ఏళ్ళ మనిషి, ఆ ఇంటివాళ్ళూ వేసవికి పోయి ఆమెను వదిలేశారు. నేను వ్యాగన్ ముందు చక్రాలు రెండూ ఊడదీసి మామా బట్టల గదిలో గౌన్ల వెనక దాచాను. చక్రాల్లేని బండిని ఎవరూ తీసుకుపోలేదు. నా పాస్‌పోర్టు బాబా ఇనప్పెట్టెలో ఉంది, దాని తాళంచెవి ఆయనతో పోయింది. రొట్టె కోసం వరసలో నిలబడి తిరిగొచ్చిన ఒక రోజున, మాట్లాడి ఎన్నాళ్ళయిందో చూద్దామని నా పేరు నేనే గట్టిగా పలికి చూసుకున్నాను.

వారాలు గడిచాక బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరితే అక్కడినుంచి విమానాల్లో ఊరికి పంపుతున్నారని కబురొచ్చింది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన దేశపు ఆఫీసువాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. గంగమ్మక్క, ఆమెతో అలాంటి ఇళ్ళలోనే చిక్కుకున్న మరో ముగ్గురు ఆడవాళ్ళు, అబ్బాసియాలో ఉండే మన జిల్లావాళ్ళు ఇద్దరు మగవాళ్ళు, నేను. ఏడుగురం. వ్యాగన్‌లో సీట్లు ఎనిమిది. ఎనిమిదోది ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు. చక్రాలు మళ్ళీ బిగించుకుని అహ్మది పోయి అడిగాను. వస్తాడన్న ఆశ లేదు, తొమ్మిదేళ్ళు కదలని మనిషి. ఆయన కాసేపు చేతులు తుడుచుకుని, "పోదాంలే. తాళమైతే తియ్యాల్సిందే కదా ఎప్పుడో ఒకప్పుడు" అన్నాడు. అంత సంతోషం నాకు ఆ ఏడాదిలో మరొకటి లేదు. అయినా అడగని బండిని తీసుకుపోవడం దొంగతనం కాదా అన్న బెంగ నాకుంది. "ఈడ పెట్టిపోతే మీ బాబాకు మిగుల్తాదా? చీటీ రాసిపెట్టు. ఎవురెవురిని ఎక్కించుకున్న్యావో పేర్లు రాయి" అన్నాడు. నా వంకర ఇంగ్లీషులో రాసి వంటింటి సొరుగులో పెట్టాను.

బయల్దేరే ముందురోజు పొద్దున్నే అందరినీ సామాన్లతో యార్డుకు రమ్మన్నాడు. మొదట కారవాన్ లేకుండా వ్యాగన్‌ను గోడకు చేర్చి తనే మొదటి గీత గీశాడు. తరవాత కారవాన్‌లో నీళ్ళ డ్రమ్ములు ఇరుసు మీదికి, బియ్యం, పెట్టెలు కాస్త ముందుకు సర్దించాడు. మనుషులంతా ఎక్కి తమ తమ సీట్లలో కూర్చోవాలన్నాడు. గంగమ్మక్కకు కోపం వచ్చింది, "మేమేమన్నా మూటలమా?" అంది. "ఈ పొద్దుకు మూటలేలే అక్కా" అన్నాడాయన. అందరూ కూర్చున్నాక గొలుసులు బిగించి, తను కూడా వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, నన్ను దిగమన్నాడు. సుద్ద నా చేతికిచ్చాడు. మాతో రాకపోయినా సామాన్లు మోసిపెట్టడానికొచ్చిన గంగమ్మక్క తమ్ముడి వరస కుర్రాణ్ణి నా సీట్లో కూర్చోబెట్టి, వాడి ఒళ్ళో ఒక బియ్యం మూట పెట్టించి, నా బరువుకు సరిచేశాడు. "గియ్యి" అన్నాడు. ఆయన బండిలో కూర్చుని ఉండగా రెండో గీత నేను గీశాను. పాత రెడ్డెయ్య పక్కనే ఇంకో రెడ్డెయ్య రాశాను.

మర్నాడు ఉదయం పోయేసరికి యార్డు ముందు మరో రెండు బండ్లున్నాయి. ఒకటి మలయాళీ కుటుంబానిది, పడవను మోసే ట్రైలరు మీద పెట్టెలన్నీ కట్టుకుని వచ్చారు, వెనక బరువుకు కారు ముక్కు ఆకాశం చూస్తోంది. ముందు సీట్లో కడుపుతో ఉన్న మనిషి కూర్చుని ఉంది. రెండోది ఒక పాకిస్తానీ డ్రైవరుది. ఓబులేసన్న సంచి భుజాన లేదు. చేతిలో గొలుసుంది.

"నువ్వు పో రెడ్డెయ్యా. ఈ రెండూ కట్టేసి వెనకాలే వస్తా. ఈళ్ళ బండిలో చోటుండాది."

"వాళ్ళు కట్టేదాకా ఆగుతామన్నా."

"ఏడుమందిని పెట్టుకోని ఆగుతావా? దారి మూసేస్తే? పో."

నేను కదల్లేదు. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. ఆ ముక్కు లేచిన కారును చూశాక మాత్రం ఆయన్ని రమ్మని లాగలేకపోయాను, అలాంటిదాన్ని తోలి నేను ఇసుకలో పడ్డవాణ్ణే. ఆయన నా మొహం చూడకుండా వ్యాగన్ తలుపు తీసి తన సీటు చూపించాడు. "నేను అరవై రెండు కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు మూడు పెట్టు ఇందులో. అప్పుడు గీత మారదు" అన్నాడు. తనే తెచ్చి పెట్టాడు. పడిపోకుండా తాడుతో సీటుకు కట్టాడు. మేము మలుపు తిరుగుతుంటే కడ్డీలు మూలిగాయి. అద్దంలో చూశాను. ఆయన మా వైపు చూడటం లేదు, అప్పటికే పడవ ట్రైలరు కింద దూరి ఉన్నాడు.

ఇక నా తప్పు చెప్పాలి. అబ్బాసియా దగ్గర ఆగాం, గదుల్లో మిగిలిన చిన్న సంచులు తెచ్చుకుంటామన్నారు. తెచ్చినవి సంచులు కావు. దుప్పట్లు, టేప్‌రికార్డర్లు, పాలపొడి డబ్బాలు, సబ్బుల పెట్టెలు. గంగమ్మక్క ఆ మగవాళ్ళ గదిలో దాచమని ముందే పంపిన తన కుట్టుమిషను, ఇనుప తొక్కుడుతో సహా. యుద్ధం నుంచి పారిపోతున్నామనే సంగతి అందరికీ తెలుసు, కానీ గల్ఫునుంచి వట్టి చేతులతో ఊరికి ఎలా పోతామన్న సిగ్గు దానికంటే పెద్దది. "అయిదేండ్ల కష్టం తమ్ముడా, ఇదొక్కటే" అని గంగమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. వద్దనలేకపోయాను. ముందంతా నిండిపోయిందని అన్నీ వెనక తలుపు దగ్గరే తోశారు. మళ్ళీ తూచడానికి ఓబులేసన్న లేడు, గీయడానికి గోడ లేదు. ఏం కాదులే అనుకున్నాను.

బాగ్దాద్ దాటి పడమటికి తిరిగాక, రెండో రోజు మధ్యాహ్నం, అడ్డంగా కొట్టే గాలిలో ఎదురుగా లారీల వరస వచ్చింది. కారవాన్ ఒక్కసారి ఊగింది, రెండోసారి ఇంకా ఎక్కువ ఊగింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. నా కాలు బ్రేకు మీదికి పోలేదు. మోకాలి మీద ఆయన కొట్టిన దెబ్బ అక్కడే ఉన్నట్టుంది. కాలు తీశాను, స్టీరింగు పట్టుకున్నాను, కుడి చేత్తో మీట నొక్కాను. రెండు మూడు ఊపుల తరవాత కారవాన్ సర్దుకుని వెనకాలే వచ్చింది. పక్కకు తీసి ఆపాను. అబ్బాసియా మనిషి ఒకడు కోపంగా కుట్టుమిషను రోడ్డు మీద పారేయబోయాడు. గంగమ్మక్క ఏడవలేదు, దాని పక్కన నిలబడింది అంతే. "పారెయ్యొద్దు. చోటు మారుద్దాం" అన్నాను. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. ఆ ఎండలో అంతా దించి, మిషనును ఇరుసు మీద పెట్టి, నీళ్ళు ముందుకు జరిపి, గొలుసు ఒక లింకు పైకి బిగించాను. గోడ లేదు కాబట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సందు వేళ్ళతో కొలిచాను. కొలుస్తున్నంతసేపూ కిటికీ పక్కన కట్టి ఉన్న ఆ మూడు డబ్బాలు నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

సరిహద్దు దగ్గర బండ్లు వదిలెయ్యమన్నారు. గుడారాల్లో రోజులు గడిచాయి. నీళ్ళ ట్యాంకరు కోసం జనం తోసుకునే చోట, డ్రమ్ముల్లోవి అయిపోయాక మేం ఏడుగురం ఓబులేసన్న సీట్లోని నీళ్ళు తాగాం, పక్క గుడారంలో జ్వరంతో ఉన్న పసిపిల్లకు పోశాం. రెండు డబ్బాలు అయిపోయాయి. మూడోది నేను తెరవనివ్వలేదు, ఆయనొచ్చాక తాగుతాడన్నాను. రోజూ మధ్యాహ్నం రోడ్డు పక్కన నిలబడేవాణ్ణి. మూడోరోజు పడవ ట్రైలరు వచ్చింది, కారు ముక్కు సమంగా ఉంది, ఆ కడుపుతో ఉన్న మనిషి క్షేమంగా దిగింది. ఓబులేసన్న ఏడని అడిగాను. ఇంకా బండ్లొచ్చాయి, అవి కట్టేసి వెనకాలే వస్తానన్నాడు అన్నారు. మర్నాడు పాకిస్తానీ డ్రైవరు వచ్చాడు, అతనూ అదే మాట చెప్పాడు. ఆ తరవాత ఒక ఈజిప్టువాడు గొలుసులు బిగించిన ట్రైలరుతో వచ్చాడు. నేను అడిగేలోపే, అహ్మదిలో ఒక ముసలి హిందీ కట్టాడన్నాడు, వెనకాలే వస్తున్నాడన్నాడు. మా పేర్లు పిలిచి బస్సెక్కించిన రోజున మూడో డబ్బాను ఆ ఈజిప్టువాడి గుడారం ముందు పెట్టి వచ్చాను.

ఊరికి చేరాక సిద్ధవటం పోయి అడిగాను. ఆయన ఇంటికి తాళం అలాగే ఉంది. యుద్ధం ముగిశాక బాబా నాకు మళ్ళీ వీసా పంపాడు. విమానాశ్రయంలో ఆయన వ్యాగన్ గురించి అడుగుతాడని నేను జవాబు కూడబలుక్కుంటుంటే, "నీ చీటీ దొరికింది. ఏడుగురూ చేరారా?" అన్నాడు. చేరారన్నాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. మొదటి శుక్రవారమే అహ్మది పోయాను. చమురు బావుల మంటలు అప్పటికి ఆరిపోయాయి గాని మసి అన్నిటి మీదా పేరుకుని ఉంది. యార్డులో ట్రైలర్లు లేవు, పనిముట్లు లేవు, కంటైనరు పెట్టె తలుపు ఊడి ఉంది. చుట్టుపక్కల అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. షెడ్డు గోడ నల్లగా ఉంది. పై చొక్కా విప్పి మెల్లగా తుడిచాను. మైనపు సుద్ద కదా, మసి పోతే పసుపు అలాగే ఉంది.

రెడ్డెయ్య, రెండు గీతలు. దాని పక్కన నాకు తెలియని పేర్లు, తెలిసిన పేర్లు. పడవ ట్రైలరు జోసెఫ్, రెండు గీతలు. పాకిస్తానీ అన్వర్, రెండు గీతలు. మహమూద్, రెండు గీతలు, ఆ ఈజిప్టువాడిదే అయి ఉండాలి. నా తరవాత తొమ్మిది బండ్లు. తొమ్మిదింటికీ రెండేసి గీతలు, అన్నీ పోయినట్టే లెక్క. పదోది గోడ చివర, మూలకు ఆనుకుని ఉంది. 'ఓబులేసు' అని రాసి ఉంది. ఒక్కటే గీత.

ఎక్కడో ఒక బండి దొరికించుకుని ఉంటాడు. పోదామనుకునే మొదటి గీత గీసుకుని ఉంటాడు. తరవాత ఏమైందో నాకు తెలియదు, ఇన్నేళ్ళలో చెప్పగలిగినవాడు ఒక్కడూ దొరకలేదు. గోడ వారన సుద్దముక్క పడి ఉంటే చేతిలోకి తీసుకున్నాను. రెండోది నేనే గీసేస్తే ఆయన ఎక్కడికో చేరినట్టవుతుందేమోనని పిచ్చి ఆశ పుట్టింది. అబద్ధపు గీత గీయడం ఆయన నాకు నేర్పలేదు. సుద్ద జేబులో వేసుకుని వచ్చేశాను.

ఆ షెడ్డు కూలగొట్టి చాలా ఏళ్ళయింది. ఇప్పటి కారవాన్‌లకు బరువు చూపే యంత్రాలున్నాయి, బాబా కొడుకు ఫోనులో అంకె చూపించి నన్ను ఆటపట్టిస్తాడు. నేను మాత్రం సామానంతా ఎక్కించాకే కొలుస్తాను, గ్యారేజీ గోడ మీద గీతలు గీస్తాను, పేరు తెలుగులో రాస్తాను. మొన్న కూడా రెండోది గీశాకే గేటు తీశాను. ఆ రోజు అహ్మదిలో గోడ మూల ముందు నిలబడి, ఆయన గీత ఎంత ఎత్తులో ఉందో నా కాలికి ఆనించి చూసుకున్నాను, మోకాలి చిప్ప మీద సరిగ్గా జానెడు. గోడ పోయినా ఆ ఎత్తు నా దగ్గరే ఉంది, చీకట్లో చెయ్యి పెట్టి చూపించగలను. రెండో గీత ఎక్కడ పడాలో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు.